సింగిడిల ఏడు రంగులు లెక్కపెట్టింది ఎవరు?

చిన్నోడా,

రాత్రి ఫోన్ల నువ్వు చెప్పింది సగమే సమజైంది, వెనకాల మీ హాస్టల్ పోరగాళ్ల లొల్లి ఒకటి, అందుకే కూసొని రాస్తున్న. సింగిడి పొడిస్తే అందరు ఏడు రంగులు అంటున్నరు, నాకు పసుపు, నీలం తప్ప ఏం కనబడ్తలేవు అంటే నవ్విండ్రు అన్నవ్ కదా. నవ్వనీ. వాళ్లు మాత్రం చూసి లెక్కపెట్టిండ్రా ఏంది, పుస్తకంల ఉన్నదని ఏడు అన్నరు. ఈసారి పొడిసినప్పుడు ఇండిగో ఏడ మొదలై ఏడ ఆగుతదో వేలు పెట్టి చూపియ్యిమను, నా టెన్త్ పిల్లలనైతే ఏటేటా అడుగుతనే ఉన్న, ఒక్కరు కూడ ఖచ్చితంగ చూపియ్యలే.

అసలు ఆ ఏడు పెట్టింది న్యూటన్. ముందు ఐదే అన్నడు, తర్వాత సంగీతంల ఏడు స్వరాలకు జోడు కుదరాలని ఆరెంజ్, ఇండిగో కలిపిండు. ఇంకో సంగతి, ఇది నాకు బాగ ఇష్టం. 1704ల అచ్చయిన ఆప్టిక్స్ పుస్తకంల ఆయనే రాసిండు, రంగుల మధ్య గీతలు గీసింది నేను కాదు నా అసిస్టెంట్, రంగులు విడదీసుడుల వాని కండ్లు నాకంటే మంచియి అని. చూసినవా మరి, అంత పెద్ద మనిషే వేరేటోని కండ్లు అరువు తెచ్చుకున్నడు. ఎండల రంగులకు నడుమ గోడలేం ఉండయి, ఒకదాంట్ల నుంచి ఒకటి జారుకుంట పోతయి.

ఇగ సింగిడి ఎట్ల పొడుస్తదో మీ సార్ చెప్పే ఉంటడు గాని నా తీరుగ ఒకసారి విను. ఎండ వాన చినుకుల దూరేటప్పుడు వంగుతది, వెనక గోడకు తగిలి తిరిగొస్తది, బయటికొచ్చేటప్పుడు మళ్ల వంగుతది, ఒక్కో రంగు ఒక్కో తీరుగ వంగుతది కాబట్టి విడిపోతయి. నువ్వు పొద్దుకు వీపు పెట్టి నిలబడితే నీ తల నీడ ఎటు పడ్తదో చూడు, ఆ దిక్కు నుంచి 42 డిగ్రీల దూరంల ఎరుపు, 40 దగ్గర ఊదా. అందుకే మిట్టమధ్యాహ్నం నేల మీద నిలబడ్డోళ్లకు సింగిడి కనబడదు, పొద్దు 42 డిగ్రీలు దాటి పైకెక్కితే అది నేల కిందికి పోయినట్టే. సాయంత్రం వాన వెలిసినప్పుడు తూర్పుకు చూడాలె. ఒక చినుకు నీ కంటికి ఒక రంగే పంపుతది, మిగతా రంగులు నీ నెత్తి మీదికెల్లో కాళ్ల కిందికెల్లో పోతయి, ఇంకో చినుకు ఇంకో రంగు పంపుతది. నీ పక్కన నిలబడ్డోని కంటికి వచ్చేది వేరే చినుకుల వెలుగు. అంటే వాడు చూసే సింగిడి, నువ్వు చూసే సింగిడి ఒకటే కాదురా, నిజంగనే కాదు.

చినుకు పని అక్కడికి అయిపోతది, మిగిలిందంత కంటి పని. కంటి వెనక రంగులు పట్టే శంకు కణాలు మూడు రకాలు, మామూలుగ. అందుల ఎరుపు పట్టేదో ఆకుపచ్చ పట్టేదో లేకున్నా, సరిగ పనిచెయ్యకున్నా ఎరుపు, ఆకుపచ్చ కలగలిసిపోతయి, దీన్నే కలర్ బ్లైండ్‌నెస్ అంటరు. దాని జీన్ ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటది, మగపిల్లలకు ఎక్స్ ఒక్కటే, అది అమ్మ నుంచే వస్తది. నాకు రెండున్నయి, ఒకటి చెడినా ఇంకోటి పనిచేస్తది కాబట్టి నాకేం తెల్వలే. కొత్తవాడల మీ మామను చూడు. జంపఖానాలు నేస్తడు గదా, ఆయనకు ఎర్ర దారం, పచ్చ దారం ఒక్క తీరుగనే కనబడ్తయి, అత్త పచ్చ కండె కొసకు రెండు ముడులేసి పెడ్తది, ఆయన వేలితో తడిమి తీస్కుంటడు. మగ్గం మీద ఆ చెయ్యి ఎంత జల్ది పోతదో, చూసినోళ్లకు అనుమానం కూడ రాదు. ఇంట్ల మాత్రం పండు మిరపకాయ ఏది పచ్చిది ఏది అని అడిగితే అత్త నవ్వుడే నవ్వుడు.

అణువుల సంగతి చెప్పిన డాల్టన్ లేడా, ఆయనకు కూడ ఇదే. 1794ల మాంచెస్టర్ల అందరి ముందట నిలబడి చెప్పిండు, స్పెక్ట్రంల నాకు పసుపు, నీలం, మహా అంటే ఊదా, ఎరుపైతే నీడ లెక్క ఉంటదని. తన కంటి లోపలి నీరు నీలంగ ఉన్నదేమో అనుకున్నడు, నేను చచ్చినంక కోసి చూడుండ్రి అన్నడు. చూస్తే నీరు ఏ రంగు లేకుంట తేటగనే ఉన్నది. ఆ కండ్లు దాచిపెట్టిండ్రు, 1995ల డీఎన్ఏ తీసి చూస్తే ఆకుపచ్చ పట్టే కణాల జీనే లేదని తేలింది, అప్పటికి ఆయన పోయి 150 ఏండ్లు.

ఒకటి మాత్రం దాచకుంట చెప్తున్న. కాజీపేటల ఇంజిన్లు చూసినప్పటి సంది లోకో పైలట్ అయిత అంటివి, దానికి రంగుల టెస్టు గట్టిగ ఉంటది, సిగ్నల్ చూడాలె గదా, అది కష్టమే. బండి లైసెన్స్‌కు అంత ఫికర్ లేదు, 2020ల రూల్ మార్చిండ్రు, కొద్దిగ, ఒక మాదిరిగ ఉన్నోళ్లకు ఇస్తున్నరు. నీకు ఎంత ఉన్నదో ముందు తెల్వాలె. దసరాకు వచ్చినప్పుడు హన్మకొండల కండ్ల డాక్టర్ దగ్గరికి పోదాం, చుక్కలల్ల అంకెలు దాచిన బొమ్మలు చూపిస్తరు, ఇషిహారా అని జపాన్ డాక్టర్ 1917ల చేసిండు. కనబడకుంటే కనబడ్తలేదని చెప్పు, గెస్ కొట్టకు.

అమ్మ