రోబో ఆన్‌లో ఉంటే చేయి పెట్టనివ్వొద్దు

సంపాదకులకు నమస్కారం.

నేను మిర్యాలగూడలో రైస్ మిల్లు ఫిట్టర్‌ని. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. వాళ్ల బడి జట్టు రోబో పోటీకి తయారవుతోందంటే పోయిన నెల చూడటానికి వెళ్లాను. వాళ్లు చేసిన బండిని చూసి చాలా సంబరపడ్డాను. కానీ ఆ రోజు జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

చైన్ వదులైందని ఒక పాప కింద కూర్చుని వంగి చూస్తోంది. చున్నీ కొస రోబో మీద పడి ఉంది. రిమోట్ పట్టుకున్న పిల్లవాడు అటు తిరిగి మాట్లాడుతూ జాయ్‌స్టిక్ కదిపాడు. స్ప్రాకెట్ (చైన్ తిప్పే పళ్ల చక్రం) తిరిగి చున్నీని లోపలికి లాగేసింది. ఆపుదామని చూస్తే స్విచ్ అడుగున, వైర్ల మధ్యలో ఉంది. నేను బ్యాటరీ వైరు పీకేసేసరికి పాప మెడ మీద ఎర్రగా గీత పడింది. దేవుడి దయ, అంతటితో పోయింది.

"12 వోల్టులే కదా, షాక్ కొట్టదు" అన్నారు సార్. నిజమే, కొట్టదు. కానీ గేర్లున్న మోటారుకు వేలు నలిపేసే బలం ఉంటుంది. బ్యాటరీ రెండు కొసలకూ పొరపాటున స్పానర్ తగిలితే నిప్పురవ్వలు లేస్తాయి, చేయి కాలుతుంది.

మిల్లులో బెల్టుకు గార్డు లేకుండా మేం మోటారు వేయం. తిరిగే భాగాలకు కంచె ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్ చెప్పింది. నడుస్తున్న యంత్రాన్ని తప్పనిసరై పరీక్షించాల్సి వస్తే, శిక్షణ ఉన్న పెద్దవాళ్లు బిగుతు బట్టలు వేసుకునే చేయాలని 22వ సెక్షన్ అంది. మాలాంటి పెద్దవాళ్లకే ఇంత జాగ్రత్త ఉన్నప్పుడు పద్నాలుగేళ్ల పిల్లలకు ఏమీ లేకపోవడం ఏం న్యాయం?

పిల్లలు తమ చేతులతో పరికరాలు చేసి నేర్చుకునే అటల్ టింకరింగ్ ల్యాబ్ వచ్చిన బడికి కేంద్రం 20 లక్షల దాకా ఇస్తుంది. అందులో రోబోను వెంటనే ఆపే ఒక ఎర్ర స్విచ్ ఖర్చు ఎంత? అది రోబో పైన, ఎవరి చేతికైనా అందేలా ఉండాలి. కంటికి రక్షణగా పెట్టుకునే కళ్లద్దాలు లేకుండా ఎవరూ దగ్గరికి రాకూడదు. అమెరికాలో మొదలైన ‘ఫస్ట్’ (FIRST) అనే రోబో పోటీల్లో రోబోలు బాగుచేసుకునే చోట అందరికీ కళ్లద్దాలు తప్పనిసరి. జడలు ముడి వేసుకోవాలి, చున్నీ తీసి పక్కన పెట్టాలి. అన్నిటికన్నా ముఖ్యం, బ్యాటరీ తీయకుండా లోపల చేయి పెట్టనివ్వకూడదు. ఆన్ చేసే పిల్లవాడు గట్టిగా చెప్పి, అందరూ వెనక్కి జరిగాకే వేయాలి. సిగ్నల్ పోతే రోబో దానంతట అదే ఆగుతుందో లేదో కూడా ముందే చూడాలి. అలా ఆగేలా సెట్ చేయకపోతే, రిమోట్ సిగ్నల్ అందుకునే కొన్ని రిసీవర్లు చివరి ఆదేశాన్నే పట్టుకుని బండిని పరుగెత్తిస్తాయి.

మా అమ్మాయి జట్టు ఇప్పుడు చక్రాలు నేలకు ఆనకుండా రెండు ఇటుకల మీద ఎత్తి పెట్టి టెస్ట్ చేస్తోంది. నల్లగొండ జిల్లా విద్యాశాఖ అధికారులు, పోటీలు పెట్టేవారు ఇవన్నీ చూశాకే ఏ రోబోనైనా బరిలోకి దింపాలని కోరుతున్నాను.

— ఒక విద్యార్థిని తండ్రి, మిర్యాలగూడ