పోయిన వెయ్యి రూపాయలు

ప్రియమైన తల్లిదండ్రులకు వందనాలు.

ఈ నెల ఉత్తరం క్రిస్మస్ కార్యక్రమం గురించి రాద్దామని సగం రాసి పెట్టుకున్నాను, దాన్ని పక్కన పడేశాను. ఎందుకో మీకు తెలుసు. పోయిన మంగళవారం నుంచి గేటు దగ్గర, ఆటోల దగ్గర, మీ వాట్సాప్ గ్రూపుల్లో నడుస్తున్న కథ ఒకటే: ఎనిమిదో తరగతిలో పోయిన వెయ్యి రూపాయలు. అది రోజుకో రకంగా నా దగ్గరికి తిరిగొస్తోంది (నిన్న ఒకాయన ఐదు వేలన్నారు), కాబట్టి జరిగింది నేనే చెప్పేస్తే మంచిదనిపించింది.

ఎక్స్‌కర్షన్ కోసం ఒక అబ్బాయికి ఇంట్లో రెండు ఐదు వందల నోట్లు ఇచ్చారు. రెండో పీరియడ్ అయ్యాక జామెట్రీ బాక్సు తెరిస్తే అవి లేవు. టీచరుకు చెప్పేలోపే క్లాసులో ఒక పేరు ఖాయమైపోయింది. ఎవరూ చూసింది లేదు, అడిగింది లేదు, అయినా క్లాసంతా ఒకే అబ్బాయి వైపు తిరిగింది. ఆ అబ్బాయి వాళ్లమ్మ మన స్కూల్లోనే ఆయాగా చేస్తారు. (ఆమెను అడిగి, రాయండి మేడం అన్నాకే రాస్తున్నాను.) ఇంటర్వెల్‌లో వాడి బ్యాగు బెంచీ మీద కుమ్మరించారు. సాయంత్రానికి ఒక పేరెంట్స్ గ్రూపులో వాడి పేరుతో సహా మెసేజ్ వచ్చింది, "ఇలాంటి వాళ్లను చేర్చుకుంటే ఇంతే" అని, దానికింద పదకొండు బొటనవేళ్లు. మర్నాడు పొద్దున ఆ నోట్లు దొరికాయి. డబ్బు పోయిందన్న అబ్బాయి సైన్సు రికార్డుకు వేసిన అట్ట లోపలే ఉన్నాయి, భద్రంగా ఉంటాయని వాళ్లమ్మగారే అక్కడ పెట్టి, చెప్పడం మర్చిపోయారట. మర్చిపోవడం ఎవరికైనా జరుగుతుంది, దానికి ఆమెను ఎవరూ ఏమీ అనొద్దు. ఆ పదకొండు బొటనవేళ్ల సంగతి వేరు.

నా సంగతి కూడా చెప్పాలి. క్లాస్ టీచరు వచ్చి డబ్బు పోయిందనగానే నా మనసులోకి మొదట వచ్చింది ఆ అబ్బాయి ముఖమే. ఒక్క క్షణమే, కానీ వచ్చింది. ఇరవై ఆరేళ్లుగా పిల్లలకు బైబిలు పాఠాలు చెబుతున్న మనిషికి! ఆ రాత్రి నాకు నిద్ర సరిగా పట్టలేదు.

పిల్లలు మంగళవారం తప్పు చేశారని అందరూ అంటున్నారు. నేను అనేది ఏమిటంటే మంగళవారం వాళ్లు చేసింది చివరి పని మాత్రమే, అసలు పని ఎప్పుడో అయిపోయింది. పొలంలో నీళ్లు వదిలితే బోదె తవ్విన వైపే పారతాయి కదా, అప్పటికప్పుడు నీళ్లను తిట్టి ఏం లాభం? పేదవాడు కనపడితే చేతుల వైపు చూడటం, ఫలానా వీధి అనగానే ముఖం చిట్లించడం, ఎవరికైనా మంచి మార్కులొస్తే "కాపీ కొట్టి ఉంటాడు" అని ముందు అనుకోవడం, ఇవన్నీ రోజుకింత రోజుకింత తవ్వుకున్న బోదెలే. వెయ్యి రూపాయలు పోయిన రోజు నీళ్లొచ్చాయి, అంతే.

సామెతల గ్రంథం 23వ అధ్యాయంలో ఒక మాట ఉంది, "అట్టివాడు తన ఆంతర్యములో లెక్కలు చూచుకొనువాడు" అని. మనిషి ఎలా ఆలోచిస్తే అలాగే తయారవుతాడని దీన్ని చాలామంది స్టేజీల మీద చెబుతుంటారు. మన తెలుగు బైబిలు తీసి చుట్టూ ఉన్న వచనాలు చదవండి, అది భోజనానికి పిలిచిన ఒక పిసినారి గురించి. పైకి తినుము, త్రాగుము అంటాడు, లోపల ప్రతి ముద్దకూ లెక్క వేసుకుంటుంటాడు. అతని నిజమైన గుణం నోట్లో లేదు, ఆ లోపలి లెక్కలో ఉంది. మనం కూడా గేటు దగ్గర ఆ ఆయాగారిని "ఏమ్మా బావున్నావా" అని నవ్వుతూ పలకరించినవాళ్లమే కదా.

ఇప్పుడు రోజూ స్కూలు అయ్యే ముందు పెట్టే చివరి ఐదు నిమిషాల సంగతికి వస్తాను, ఎందుకంటే దాన్ని తీసేయమని ఈ సంవత్సరం నాకు నాలుగు ఉత్తరాలు వచ్చాయి, ఒకదాంట్లో ఆ టైంలో ఫౌండేషన్ కోర్సు లెక్కలు ఒకటి రెండు చేయించొచ్చు అని లెక్క కూడా వేసి పంపారు. తీసేయను. రోజూ ఇంటి గంటకు ముందు పిల్లలు కళ్లు మూసుకుని, ఈ రోజు నా మనసు ఎక్కువసేపు ఎక్కడ తిరిగింది, ఎవరి మీద, ఎందుకు అని తమను తామే అడుగుతారు. ఇది నేను కనిపెట్టింది కాదు. 4వ శతాబ్దంలో ఐగుప్తు (ఈజిప్టు) ఎడారిలో ఎవాగ్రియస్ అనే సన్యాసి ఉండేవాడు, మనిషిని పాడుచేసే ఆలోచనలు ఎనిమిది అని తిండియావ, ధనాశ, కోపం, విసుగు, గర్వం ఇలా వరసగా రాసి పెట్టాడు. ఆయన చెప్పిన మాట నాకు ప్రాణం: ఆ ఆలోచనలు మనసులోకి రావడం, రాకపోవడం మన చేతిలో లేదు, వచ్చినవి అక్కడ తిష్ట వేయడం మన చేతిలో ఉంది. ఇది పదమూడేళ్ల పిల్లాడికి ఎంత ఊరటో మీకు తెలుసా? నాకు చెడ్డ ఆలోచన వచ్చింది కాబట్టి నేను చెడ్డవాణ్ణి అనుకుని లోపల్లోపల కుమిలిపోయే పిల్లలు మన స్కూల్లో ఉన్నారు, మీ ఇళ్లలోనే ఉన్నారు. వాళ్లకు నేను చెప్పేది ఒకటే, వచ్చినదానికి కుర్చీ వేయకు. అలాగని మనసును ఖాళీగా ఉంచితే సరిపోదు. మత్తయి సువార్త 12లో యేసు చెప్పిన ఇల్లు గుర్తుందా, ఊడ్చి, సర్ది, ఎవరూ లేకుండా వదిలేస్తే బయటికి పోయిన దయ్యం ఇంకో ఏడుగురిని వెంటబెట్టుకుని వచ్చింది. అందుకే కళ్లు తెరిచే ముందు తొలినాటి క్రైస్తవ బోధకుడు పౌలు చెరసాలలో ఉండి ఫిలిప్పీ ఊరి క్రైస్తవులకు రాసిన ఆ వరస చెప్పిస్తాను, ఏవి సత్యమైనవో, ఏవి మాన్యమైనవో, ఏవి న్యాయమైనవో అని. చూడండి, మొదటిదే సత్యం. మంగళవారం మా ఎనిమిదో తరగతి ఆ మొదటి మెట్టు దగ్గరే జారింది.

పాతకాలపు క్రైస్తవ గురువు అగస్టీను కథ కూడా వాళ్లకు గురువారం చెప్పాను. పదహారేళ్లప్పుడు స్నేహితులతో కలిసి పక్క తోటలో బేరిపండ్లు దొంగిలించి, ఆకలై కూడా కాదు, చాలావరకు పందులకు పారేశాడు. పెద్దయ్యాక తన కథ తానే రాసుకుంటూ, ఒక్కణ్ణే ఉంటే ఆ పని చేసేవాణ్ణి కాదు అన్నాడు. అలవాటును ఎదిరించకపోతే అదే గొలుసై బిగుసుకుంటుందనీ ఆయనే రాశాడు. ఇది చెప్పినప్పుడు వెనక బెంచీలో ఇద్దరు తల దించుకున్నారు, నేను చూడనట్టే ఉన్నాను.

మీలో సగానికి పైగా చర్చికి వెళ్లేవాళ్లు కారని నాకు తెలుసు. ఆ ఐదు నిమిషాలు మీ పిల్లలు మీ ఇంటి ప్రార్థనే చేసుకోవచ్చు, ఎప్పుడూ చేసుకుంటూనే ఉన్నారు.

మిగతా విషయాలు గబగబా: అర్ధ సంవత్సర పరీక్షల టైంటేబుల్ డైరీల్లో అంటించాం, ఫీజు పదిహేనో తేదీలోపు, స్వెటర్ నేవీ బ్లూ మాత్రమే, గొర్రెల కాపరుల వేషాలకు పాత దుప్పట్లుంటే పంపండి, దయచేసి కొత్తవి కొనకండి.

ఇక నా పిల్లల గురించి. పేర్లు రాయొద్దని స్టాఫ్ మీటింగులో అనుకున్నాం, లేకపోతే పెద్ద అక్షరాల్లో రాసేదాన్ని. ఆరో తరగతి అమ్మాయి ఒకతి, మంగళవారం మధ్యాహ్నం మెట్ల మీద పెద్ద క్లాసువాళ్ల దగ్గరికి వెళ్లి "ఎవరో తీశారని మీకెలా తెలుసన్నా? పోయిందనే కదా తెలిసింది" అని అడిగింది. వాళ్లలో ఒక్కడికీ జవాబు రాలేదు! నాకు అంతకన్నా మంచి ప్రశ్న ఈ ఏడాదిలో వినిపించలేదు. డబ్బు దొరికిన అబ్బాయి, ఎవరూ చెప్పకుండానే, బుధవారం అసెంబ్లీలో మైకు దగ్గరికి వచ్చి ఏం జరిగిందో చెప్పి, సారీ అని స్నేహితుడి పేరు పెట్టి చెప్పాడు, గొంతు వణికింది, అయినా ఆగలేదు. ఆ రెండో అబ్బాయి? "పర్లేదు మేడం, వాళ్లకి టెన్షన్ వచ్చింది" అన్నాడు నాతో. వాడి బ్యాగును కుమ్మరించినవాళ్ల గురించి ఆ మాట అన్నాడు. వాళ్లమ్మ ఏం తిండి పెడుతున్నారో కానీ, అది మనందరి ఇళ్లలోనూ వండుకుంటే బాగుండు. ఆ, ఖోఖో అమ్మాయిలు జోనల్స్‌కు వెళ్తున్నారు, అది కూడా రాయకపోతే పీఈటీ సారు నాతో మాట్లాడరు.

ఇంకొక్కటి, మర్యాదగానే అడుగుతున్నాను. పిల్లలు పక్కన అన్నం తింటుండగా ఇతరుల జీతాలు, కులాలు, వాళ్లింట్లో ఎవరు ఎవరితో వెళ్లారు అన్నవి మాట్లాడకుండా ఉండటం కుదురుతుందా? మీకు అది కాలక్షేపం, వాళ్లకు అది క్లాసు. "నీ పక్కన కూర్చునేది ఎవరు, వాళ్ల నాన్న ఏం చేస్తాడు" అన్నది స్కూలు నుంచి వచ్చిన పిల్లాడిని అడిగే మొదటి ప్రశ్న కావడం నాకు ఎప్పుడూ అర్థం కాదు. రాత్రి పదకొండు దాకా పక్కన పడుకోబెట్టుకుని రీల్స్ చూసి, పొద్దున్నే "మేడం, మావాడికి ఏకాగ్రత లేదు" అంటే నేను ఏ సిరప్ రాయను? మీ ఇంట్లో కూడా పడుకునే ముందు ఐదు నిమిషాలు ఫోన్లు హాల్లో వదిలేసి చూడండి. మొదటి వారం ఇబ్బందిగా ఉంటుంది, మా ఇంట్లో కూడా ఉండింది, మా వారు ఇప్పటికీ సణుగుతారు.

ఆ మెసేజ్ ఇంకా గ్రూపులో ఉందని ఈ పొద్దున ఒకరు చూపించారు. పెట్టినవారికి నేను ఫోన్ చేయను, వారికి తెలుసు. ఆయాగారు సెలవు నుంచి సోమవారం పనిలోకి వస్తున్నారు, ఎనిమిదిన్నరకల్లా గేటు దగ్గరే ఉంటారు.

మీ
హెడ్‌మిస్ట్రెస్