ఫార్మలిన్‌కు ముందే రక్తపరీక్ష జరగాలి

సంపాదకులకు నమస్కారం.

దేహదానాన్ని ప్రోత్సహించే వార్తలు మీ పత్రికలో చదివినప్పుడల్లా సంతోషిస్తాను. అయితే దేహం వైద్య కళాశాలకు చేరిన తొలి గంటల్లో ఏం జరుగుతుందో ఎవరూ రాయడం లేదు. అనాటమీ విభాగంలో ఎంబామింగ్ (దేహం కుళ్లిపోకుండా ఫార్మలిన్ అనే రసాయనం ఎక్కించే పని) టెక్నీషియన్‌గా పనిచేసి విరమించినవాడిని కాబట్టి నేను రాస్తున్నాను.

తొడ మొదట్లో కోత పెట్టి, ధమనిలోకి గొట్టం దూర్చి ఫార్మలిన్ ద్రావణం ఎక్కిస్తాం. ఆ ఒత్తిడికి సిరలోంచి రక్తం బయటికి వస్తుంది. అడ్డుపడిన గడ్డ ఒక్కసారిగా వదిలిందంటే రక్తం ముఖం మీదికే చిమ్ముతుంది. హెపటైటిస్-బి, సి, హెచ్‌ఐవి ఉన్న దేహమైతే ఆ వైరస్‌లు అందులో సజీవంగా ఉండవచ్చు. దేహం విద్యార్థుల బల్ల మీదికి చేరేనాటికి ఫార్మలిన్ వాటిని చాలావరకు చంపేస్తుంది. ముప్పంతా మొదట ముట్టుకున్నవాడిదే.

అందుకే కోతకు ముందే రక్తం తీసి పరీక్షించాలి. రాపిడ్ కిట్లతో ఫలితం అరగంటలో తెలిసిపోతుంది. నేను పనిచేసిన చోట నమూనా ప్రయోగశాలకు పోయేది, ఫలితం ఫైలులో చేరేది, కోత పెట్టిన మాకు మాత్రం ఒక్క మాట చెప్పేవారు కాదు. ఇది నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

నెగెటివ్ వచ్చిందని ముఖకవచం, చేతితొడుగులు పక్కన పెట్టకూడదు. వ్యాధి సోకిన తొలి వారాల్లో పరీక్షకు చిక్కకపోవచ్చు. చనిపోయాక రక్తకణాలు చితికిపోవడం వల్ల ఫలితం తప్పు రావడమూ ఉంది. క్షయ సంగతి ఈ కిట్లు చెప్పలేవు. ఫార్మలిన్ సరిగా అందని ఊపిరితిత్తుల్లో ఆ సూక్ష్మజీవి బతికి ఉండే అవకాశం ఉంది. మెదడును పాడుచేసే ప్రియాన్‌లనే వికృత ప్రోటీన్లయితే ఫార్మలిన్‌కు లొంగవు. శస్త్రచికిత్స శిక్షణ కోసం గడ్డకట్టించి మాత్రమే ఉంచే దేహాలతో మరింత జాగ్రత్త అవసరం, చలికి వైరస్‌లు చావవు.

ఇలాంటి చోట కుటుంబ సభ్యులు చెప్పే వివరాలే ఆధారం. క్షయకు మందులు వాడారా? చివరి నెలల్లో మతిమరుపు, తూలుడు వేగంగా పెరిగాయా? అంగీకారపత్రం రాసిన నాటి జవాబులు ఏళ్ల తర్వాత పనికిరావు. అప్పగించే రోజున మళ్లీ అడగాలి. దేహాన్ని తిప్పి పంపుతారేమోనన్న భయంతో కొందరు దాస్తారు. వారిని నిందించలేను, ఆఖరి కోరిక తీర్చాలన్న తపన అది. కాదనాల్సి వస్తే కారణం మర్యాదగా చెప్పే బాధ్యత కళాశాలదే.

ఇకపై దేహదానం గురించి రాసినప్పుడు, చివరి జబ్బుకు సంబంధించిన ఆసుపత్రి కాగితాలు వెంట తీసుకెళ్లమని కూడా పాఠకులకు చెప్పవలసిందిగా మనవి.

ఇట్లు,
విశ్రాంత ఎంబామింగ్ టెక్నీషియన్