రిఫైనరీలో చేరబోతున్న బుజ్జమ్మకు

ఉలవపాడు

బుజ్జమ్మా,

ఆశీస్సులు. మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు బంకులో ట్యాంకర్ దిగుతోంది, తీరిగ్గా మాట్లాడలేకపోయాను. "కరెంటు బండ్లు వచ్చేస్తున్నాయి కదా నాన్నా, ఇప్పుడు రిఫైనరీలో చేరడం మంచిదేనా?" అన్నావు. చేరమ్మా. కానీ అది ఎలాంటి పరిశ్రమో తెలుసుకుని చేరు. ఇన్నేళ్లు పెట్రోలు, డీజిలు అమ్మి బతికినవాణ్ణి, ఆయిల్ మీద కనపడిన వార్తనల్లా చదివినవాణ్ణి. నాకు అర్థమైనది రాస్తున్నాను.

ప్రపంచం రోజుకు పది కోట్ల పీపాలకు పైగా ఆయిల్ వాడుతోంది. పీపా అంటే సుమారు 159 లీటర్లు. భూమిలోంచి తోడేవాళ్లు, ఓడల్లో పైపుల్లో మోసేవాళ్లు, శుద్ధి చేసి అమ్మేవాళ్లు, ఇలా సాగుతుంది వ్యవహారం. చిట్టచివర మన బంకు. ఎవరి దగ్గర ఎంత ఆయిల్ ఉందనేదే అందరూ అడుగుతారు. ఆ లెక్క అంత అక్కరకు రాదని నా అభిప్రాయం. వెనెజులాకు 30,000 కోట్ల పీపాల నిల్వలున్నాయంటారు, ప్రపంచంలో ఇంకెవరికీ అంత లేదు. అయినా అక్కడి క్రూడ్, అంటే శుద్ధి చేయని ముడి చమురు, బాగా చిక్కన, పెట్టుబడులు లేవు, పైగా ఆంక్షలు. ఒకప్పటి ఉత్పత్తిలో సగం కూడా రావడం లేదు. సరఫరాను ఎవరు ఆపగలరు, ఎవరు ఆపలేరు అని చూడు, సగం సంగతి నీకే తెలిసిపోతుంది.

చాలాకాలం ధర నిర్ణయించింది అమెరికా, యూరప్ కంపెనీలు. 1960 సెప్టెంబరులో ఇరాన్, ఇరాక్, కువైట్, సౌదీ, వెనెజులా బాగ్దాద్‌లో కూర్చుని ఒపెక్ అని ఆయిల్ అమ్మే దేశాల సంఘం పెట్టుకున్నాయి. దాని సత్తా ఏమిటో లోకానికి 1973 అక్టోబరులో అరబ్బులకూ ఇజ్రాయెల్‌కూ జరిగిన యుద్ధంలో తెలిసింది. ఇజ్రాయెల్‌ను బలపరిచిన దేశాలకు అరబ్ దేశాలు సరఫరా ఆపేసి, ఉత్పత్తి కూడా తగ్గించాయి. 3 డాలర్ల దగ్గరున్న పీపా కొద్ది నెలల్లో 12 డాలర్ల దాకా పోయింది. అప్పుడు బావుల్లో ఆయిల్ ఏమీ తగ్గలేదు, కుళాయి కట్టేశారంతే.

ఇప్పుడు అందరికన్నా ఎక్కువ తోడేది అమెరికా. భూమి లోతున షేల్ అనే రాతి పొరలను పగలగొట్టి తీయడం నేర్చుకున్నాక రోజుకు 1.3 కోట్ల పీపాల దాకా తీస్తోంది. కానీ అక్కడ తోడేది ప్రైవేటు కంపెనీలు. ధర ఉంటే తవ్వుతాయి, లేకపోతే మానుకుంటాయి, ప్రభుత్వం ఆపమంటే ఆగవు. సౌదీలో అలా కాదు. ఒక్క కంపెనీ, అదీ ప్రభుత్వానిది. కొంత సామర్థ్యాన్ని కావాలనే వాడకుండా పక్కన పెట్టుకుంటారు. అందుకే సౌదీ మంత్రి నోట ఒక మాట వస్తే మార్కెట్ అంతా అటే చెవి పెడుతుంది.

దారిని ఆపడం ఇంకొకటి. గల్ఫ్ నుంచి ఓడలు బయటి సముద్రంలోకి వచ్చే హోర్ముజ్ జలసంధి ఇరుకైన చోట 33 కిలోమీటర్ల వెడల్పే. 2024లో రోజుకు సుమారు 2 కోట్ల పీపాలు అందులోంచే వెళ్లాయి. ప్రపంచం వాడేదాంట్లో అది ఐదో వంతు. ఖతార్ గ్యాస్‌ను మైనస్ 162 డిగ్రీలకు చల్లబరిచి, ద్రవంగా మార్చి, ఆరొందల రెట్లు తక్కువ చోటులో పట్టించి ఓడలకెక్కిస్తుంది. ఆ ఓడలకూ అదే దారి. మనం క్రూడ్‌లో 85 శాతానికి పైగా బయటి నుంచి తెచ్చుకుంటున్నాం. మీ అమ్మ పొయ్యి మీద మండే గ్యాస్‌లోనూ సగానికి పైగా దిగుమతే, ఎక్కువ భాగం గల్ఫ్‌దే. విశాఖ, మంగళూరు, పాదూరుల్లో కొండరాతిని తొలిచి 53.3 లక్షల టన్నుల క్రూడ్ దాచుకునే చోటు కట్టారు. మూడూ నిండుగా ఉన్నా దేశానికి తొమ్మిదిన్నర రోజులే వస్తుంది. నా మటుకు అది చాలదు.

ఇక ఆపలేకపోతే ఏమవుతుందో 2020 ఏప్రిల్‌లో చూశాం. లాక్‌డౌన్ రోజులు నీకూ గుర్తుండే ఉంటాయి, మామిడి కాపు చేతికొచ్చే సమయంలో హైవే మీద లారీ లేదు. ప్రపంచమంతా అదే తీరు. వాడకం ఒక్కసారిగా పడిపోయింది గానీ బావుల్ని ఉన్నపళాన కట్టేయలేరు, కొన్నింటిని ఆపితే మళ్లీ మునుపటిలా పారవు. అమెరికాలో కుషింగ్ అనే ఊళ్లోని ట్యాంకులు నిండిపోతున్నాయి. మే నెలలో సరుకు దించుకుంటామని ముందే ఒప్పంద కాగితాలు కొని పెట్టుకున్నవాళ్లకు ఆయిల్ దించుకునే చోటు లేదు. ఏప్రిల్ 20న అక్కడ పీపా ధర మైనస్ 37.63 డాలర్లకు పడింది. అంటే ఎదురు డబ్బిచ్చి వదిలించుకున్నారు. మరి బంకులో రేటు తగ్గలేదేమని జనం నన్ను నిలదీశారు. మే నెలలో కేంద్రం లీటరు పెట్రోలు మీద 10 రూపాయలు, డీజిలు మీద 13 రూపాయలు పన్ను పెంచిందని వచ్చిన ప్రతివాడికీ చెప్పాను. వాళ్ల కోపం న్యాయమైనదే.

ఇవన్నీ దేశాల సంగతులు. నీకు ముఖ్యంగా చెప్పాలనుకున్నది పైపర్ ఆల్ఫా గురించి.

అది బ్రిటన్ దగ్గర, నార్త్ సీలో ఆయిల్, గ్యాస్ తోడటానికి సముద్రం మీద కట్టిన ప్లాట్‌ఫాం. 1988 జులై 6న అక్కడ ఒక పంపుకుండే సేఫ్టీ వాల్వును రిపేరుకని తీసి, ఆ చోట రేకు మూత బిగించారు. పంపు నడపకూడదని రాసిన పర్మిట్ కాగితం రాత్రి షిఫ్టు వాళ్ల కంటపడలేదు. రెండో పంపు ఆగిపోవడంతో దీన్ని ఆన్ చేశారు. గ్యాస్ లీకై పేలింది. అంతవరకు జరిగింది పొరపాటు అనుకుందాం. ఆ తరువాతది నాకు మింగుడుపడదు. పైపర్ ఆల్ఫాతో పైపులు కలిసిన పక్క ప్లాట్‌ఫాంలు రెండూ మంటలు కనపడుతున్నా పంపింగ్ ఆపలేదు. ఆపితే నష్టం, పైవాళ్ల అనుమతి కావాలి అని ఆగారు. ఆ ప్రవాహం మంటకు ఆజ్యమైంది. 167 మంది చనిపోయారు.

మన దగ్గరా ఉన్నాయి. 1995 జనవరిలో పాశర్లపూడిలో బావి పేలి 65 రోజులు మండింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలో నగరం అనే ఊళ్లో పైపులైను గ్యాస్ లీకై అంటుకుంటే, నిద్రలో ఉన్నవాళ్లు ఇరవై మందికి పైగా కాలిపోయారు. నువ్వు చూశావు కదా, మన బంకులో నిప్పురవ్వ పుట్టకుండా కరెంటును నేలలోకి పంపే ఎర్తింగ్ క్లిప్ పెట్టందే ట్యాంకర్ వాల్వు తెరవనివ్వను. డ్రైవరు విసుక్కున్నా సరే.

కరెంటు బండ్ల సంగతికొస్తే, అవి రావాలి. మనం అమ్మే ఇంధనం మండే కొద్దీ భూమి వేడెక్కుతోంది, ఆ నిజం నీ దగ్గర దాచను. ఐతే క్రూడ్‌ను వేడిచేస్తే ఒక్క పెట్రోలే రాదు. పైనుంచి గ్యాసు, తరువాత పెట్రోలు, కిరోసిన్, విమానాల ఇంధనం, డీజిలు, అడుగున తారు, అన్నీ వస్తాయి. పెట్రోలు వాడకం తగ్గినా మిగతావి కావాలి. సెలైన్ సీసాకు ప్లాస్టిక్ కావాలి. మన పక్కనే రామాయపట్నం దగ్గర బీపీసీఎల్ కట్టబోయేది కూడా పెట్రోకెమికల్స్‌తో, అంటే ప్లాస్టిక్ లాంటివాటికి కావలసిన రసాయనాలతో, కలిపిన రిఫైనరీ. నీ సర్వీసులో సగం కాలం ఈ మార్పు మీదే గడుస్తుంది. తక్కువ కాల్చి, ఎక్కువ పనికొచ్చేలా చేసే పనిలో నీలాంటి చదువుకున్నవాళ్లు ఉండాలి. అందుకే చేరమంటున్నాను.

చేరిన మొదటి వారంలోనే ఎమర్జెన్సీ షట్‌డౌన్ బటన్ ఎక్కడుందో చూడు. రాత్రి షిఫ్టులో ప్రమాదం కనపడితే ట్రైనీ కూడా దాన్ని నొక్కొచ్చా, పైవాళ్లకు ఫోన్ చేసి అడగాలా అని మీ ఇన్‌చార్జిని అందరి ముందే అడుగు. ఆయన ఏం చెప్పారో నాకు రాయి.

ఇట్లు,
మీ నాన్న