అట్ట, పెన్సిల్‌తో రాయికి ఏం ముప్పు?

సంపాదకులకు నమస్కారం.

డ్రాయింగ్ మాస్టారుగా రిటైరయ్యాక నాకు పట్టుకున్న పిచ్చి ఒకటే, పాత రాళ్ల బొమ్మలు గీయడం. ఊళ్లలో వీరగల్లులు (పోరులో చనిపోయిన వీరుల గుర్తుగా నిలిపిన చెక్కుడు రాళ్లు), గోల్కొండ దగ్గర కుతుబ్‌షాహీ సమాధులు, ఏవైనా సరే. ఈమధ్య ఒక రక్షిత కట్టడం దగ్గర (పేరెందుకులెండి) ఒళ్లో అట్ట పెట్టుకుని కూర్చున్నానో లేదో, కాపలా అతను వచ్చి ‘‘పర్మిషన్ లెటర్ ఉందా సార్?’’ అన్నాడు. పక్కనే ఓ జంట అరుగెక్కి సెల్ఫీలు దిగుతోంది. వాళ్లనెవరూ అడగలేదు. అతణ్ని అని లాభం లేదు, పైనుంచి అలా చెప్పారట.

ఫోటోలుండగా బొమ్మలెందుకంటారు. అరిగిపోయిన వీరగల్లును మిట్టమధ్యాహ్నం ఫోటో తీస్తే ఉత్త బండే కనిపిస్తుంది. పొద్దున్నే ఏటవాలు ఎండలో కూర్చుంటే ఒక్కో గీతా బయటికొస్తుంది. ముందు కత్తి, తర్వాత కొప్పు, పైన వీరుణ్ని చెరో రెక్కా పట్టుకుని తీసుకెళ్తున్న అప్సరసలు, ఆ పైన లింగం, సూర్యచంద్రులు. ఒక చెరువుకట్ట మీది రాయికి నాకు మూడు పొద్దులు పట్టింది. మరుసటేడు వెళ్తే దానికి ఎనామిల్ పెయింట్ వేసి కళ్లు దిద్దారు. భక్తితోనే వేశారు పాపం. ఆ కొప్పు ముడి మాత్రం ఇప్పుడు నా కాగితం మీదే ఉంది.

అమరావతి స్తూపం రాళ్లు ఎన్నో సున్నం బట్టీల పాలయ్యాయి. 1816లో వచ్చిన సర్వే అధికారి మెకంజీ దొర తన మనుషులతో బొమ్మలు గీయించబట్టి, తర్వాత మాయమైన కొన్ని పలకల రూపమైనా మిగిలింది. అదే ఏడాది చార్లెస్ స్టోథార్డ్ అనే ఇంగ్లిష్ చిత్రకారుడు ఫ్రాన్స్‌లోని ఫాంటెవ్రో మఠానికి వెళ్లి, మూలన పడి ఉన్న ఇంగ్లండ్ రాజు మొదటి రిచర్డ్ సమాధి శిల్పాన్ని వెతికి గీశాడు. మధ్యయుగాల సమాధి బొమ్మలు గీయడమే ఆయన పని. 1821లో ఒక చర్చి కిటికీ అద్దాల మీది బొమ్మ గీస్తూ నిచ్చెన మీంచి పడి చనిపోయాడు, 35 ఏళ్లయినా నిండలేదు. నేను నిచ్చెన ఎక్కను, మా ఆవిడ ఒప్పుకోదు.

పురావస్తు శాఖవారికి నా మనవి. స్టాండు, రంగులు లేకుండా, రాయిని ముట్టుకోకుండా ఎవరైనా గీసుకోవచ్చని గేటు దగ్గరి బోర్డులో ఒక్క ముక్క చేర్చండి. రాయి మీద కాగితం పరిచి రుద్ది అచ్చు తీయడానికి మాత్రం ఒప్పుకోకండి, అది నాకూ ఇష్టం లేదు. గీసినవాటి నకళ్లు ఊరి పేరు, తేదీతో జిల్లా మ్యూజియంలో పెట్టించండి. నా దగ్గరే రెండు ట్రంకుపెట్టెల నిండా ఉన్నాయి. ఇప్పటిదాకా వాటిని అడిగింది చెదపురుగులే.

ఇట్లు,
ఒక రిటైర్డ్ డ్రాయింగ్ మాస్టారు, నల్గొండ