డవ్‌కాట్ 2.4 ఎక్కించే ముందు ఇది చదువు

ఒరేయ్ బావా,

ఈ వారాంతం మెయిల్ సర్వర్‌లోని డెబియన్ లినక్స్‌ని 12 నుంచి 13కి మారుస్తున్నానని నీ మెసేజ్ చూడగానే ఫోన్ చేద్దామనుకున్నా, కానీ ఫోన్లో చెబితే సగం మర్చిపోతావు, అందుకే కూర్చుని రాస్తున్నా. ముందు ఒక్క మాట: ఆగు. అప్‌గ్రేడ్ కమాండ్ కొట్టేసి పొద్దున చూద్దాంలే అని పడుకోకు. నేను పోయిన నెల సరిగ్గా అదే చేశాను, రాత్రి రెండింటికి లేచి కూర్చున్నాను.

డెబియన్ 13తో, మెయిల్స్‌ని పంపి అందుకునే పోస్ట్‌ఫిక్స్ 3.7 నుంచి 3.10కి వెళ్తుంది, వాటిని దాచి లాగిన్ అయితే చూపించే డవ్‌కాట్ 2.3 నుంచి 2.4కి. అంకెలు చూస్తే రెండోదే చిన్న మార్పులా ఉంటుంది కదా? తిరగేసి చదువుకో. పోస్ట్‌ఫిక్స్ ఎక్కిన సంగతి కూడా మనకి తెలియదు. డవ్‌కాట్ మాత్రం పాత కాన్ఫిగ్ (సెట్టింగుల) ఫైలు చూడగానే నేను లేవను పొమ్మంటుంది.

మొండితనం కాదు, నిజంగానే అంత మార్చారు. ఫైల్లో మొట్టమొదటి సెట్టింగ్‌గా కాన్ఫిగ్ వెర్షన్ రాయాలి, స్టోరేజ్ వెర్షన్ కూడా ఇవ్వాలి, అవి లేకపోతే అసలు స్టార్టే కాదు. మెయిల్ లొకేషన్ అని ఒకే లైన్లో రాసుకునేవాళ్ళం చూడు, అది రెండు ముక్కలైంది: మెయిల్ డ్రైవర్ (ఏ పద్ధతిలో దాచాలి) వేరు, మెయిల్ పాత్ (ఎక్కడ దాచాలి) వేరు. ఎస్‌ఎస్‌ఎల్ సర్టిఫికెట్ ముందు ఆ 'లెస్ దేన్' గుర్తు పెట్టడం మర్చిపోయి ఎన్నిసార్లు తల పట్టుకున్నామో గుర్తుందా, అది పోయింది, ఇప్పుడు సర్వర్ సర్ట్ ఫైల్ అనే కొత్త పేరు పెట్టి నేరుగా పాత్ ఇస్తే చాలు (ఈ ఒక్కదానికి మాత్రం వాళ్ళకి దణ్ణం పెట్టా). యూజర్లని వెతికే డేటాబేస్ (ఎస్‌క్యూఎల్) వివరాలకి విడిగా ఉండే ఫైలు కూడా లేదు, క్వెరీలన్నీ మెయిన్ కాన్ఫిగ్‌లోకే వచ్చేశాయి. అదనపు ఫీచర్ల సెట్టింగులు రాసుకునే ప్లగిన్ బ్లాక్ కూడా ఎగిరిపోయింది.

ఇవన్నీ ఎర్రర్ చూపించి, లైన్ నంబర్ చెప్పి ఆపేవే, కాబట్టి భయం లేదు. విసుగు అంతే. నన్ను ముంచింది ఎర్రర్ చూపించని రెండు.

మొదటిది. పాత ఫైల్లో ప్లెయిన్‌టెక్స్ట్ లాగిన్‌ని డిసేబుల్ చెయ్యి అనే సెట్టింగ్‌కి 'యెస్' అని ఉండేది. కొత్త దాంట్లో ఆ పేరు లేదు, దాని బదులు క్లియర్‌టెక్స్ట్‌ని అలౌ చెయ్యాలా అని అడుగుతుంది. అంటే ప్రశ్నే తిరగబడింది. నిద్రమత్తులో పేరు మార్చి, పక్కన ఉన్న 'యెస్'ని అలాగే వదిలేశాను. పాస్‌వర్డ్‌లు ఎన్‌క్రిప్షన్ లేకుండా కూడా పంపుకోవచ్చని నేనే గేటు తీసిపెట్టానన్నమాట. మర్నాడు కాన్ఫిగ్ మళ్ళీ చదువుతుంటే కనిపించింది, ఒళ్ళు జలదరించింది.

రెండోది ఇంకా ఘోరం. మెయిల్స్ ఏ ఫోల్డర్లో ఉండాలో చెప్పే పాత్‌లో శాతం గుర్తు పక్కన ఒక్క అక్షరం పెట్టి రాసుకునేవాళ్ళం కదా, 'యు' అంటే పూర్తి యూజర్, 'డి' అంటే డొమైన్, 'ఎన్' అంటే యాట్ గుర్తు (@) ముందున్న పేరు. ఇప్పుడు ఆ ఒంటి అక్షరాలు చెల్లవు. ఫ్లవర్ బ్రాకెట్లలో యూజర్ అని రాసి, పక్కన నిలువు గీత పెట్టి, డొమైన్ కావాలో యూజర్‌నేమ్ కావాలో చెప్పాలి. నేను డొమైన్‌ది సరిగ్గానే రాశాను, రెండోదానికి నిలువు గీత మర్చిపోయి ఉత్త యూజర్ అని వదిలేశాను. సర్వర్ శుభ్రంగా స్టార్ట్ అయింది, లాగ్‌లో ఒక్క ఎర్రర్ లేదు, నేను హాయిగా ఫోన్ తీసి ఇన్‌బాక్స్ తెరిచాను. ఖాళీ. ఒక్క మెయిల్ లేదు. కిందికి లాగి రిఫ్రెష్ చేస్తే ఫోన్లో దాచుకున్న పాత మెయిల్స్ కూడా నా కళ్ళ ముందే ఒక్కొక్కటీ మాయమయ్యాయి, ఎందుకంటే సర్వర్లో లేవంటే యాప్ కూడా తన కాపీ తీసేస్తుంది మరి. ఆ పది సెకన్లు ఎలా గడిచాయో చెప్పలేను.

మెయిల్స్ ఎక్కడికీ పోలేదులే. డొమైన్ ఫోల్డర్లోకి వెళ్ళి చూస్తే నా పేరుతో పాత డైరెక్టరీ అలాగే ఉంది, దాని పక్కనే పూర్తి అడ్రస్‌తో, యాట్ గుర్తుతో సహా, కొత్త ఖాళీ డైరెక్టరీ. పాత్ ఎక్కడా లేకపోతే డవ్‌కాట్ అడక్కుండానే సృష్టించేస్తుంది కదా. లైను సరిచేసి, ఈ మధ్యలో కొత్త డైరెక్టరీల్లో పడిన మెయిల్స్‌ని వెతికి పాత చోటికి మూవ్ చేశాను. మెయిల్‌డిర్ కాబట్టి ఒక మెయిల్ ఒక ఫైలు, బతికిపోయాను.

అందుకే చెబుతున్నా, డవ్‌కాట్ లేవనని మొరాయించినంతసేపూ నీకు టెన్షన్ అక్కర్లేదు. ఆ టైంలో వచ్చే మెయిల్స్‌ని పోస్ట్‌ఫిక్స్ తన క్యూలో పెట్టుకుని మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తుంది, మనం మార్చకపోతే 5 రోజుల దాకా వదలదు. గమ్మున లేచి కూర్చున్నాకే అనుమానంగా చూడు.

ఇక నీకు అసలు దెబ్బ ఇది: రెండు మెషిన్ల మధ్య డవ్‌కాట్ రెప్లికేషన్ (ఒకదాంట్లో మెయిల్స్ రెండోదాంట్లోకీ కాపీ అయ్యే ఏర్పాటు) పెట్టుకున్నావు కదా, 2.4లో ఆ పని చేసే రెప్లికేటర్‌ని పూర్తిగా తీసేశారు. దానికి ప్రత్యామ్నాయ సెట్టింగ్ కోసం వెతక్కు, లేదు. డవ్‌అడ్మ్ సింక్ కమాండ్ ఉంది, దాన్ని క్రాన్‌లో (టైం ప్రకారం తనంతట తనే నడిచేలా) పెట్టి రెండో మెషిన్‌ని బ్యాకప్‌లా ఉంచుకోవచ్చు, కానీ రెండిట్లోనూ ఒకేసారి యూజర్లు లాగిన్ అయ్యే ఏర్పాటు మాత్రం మర్చిపో. ఈ ఒక్క కారణానికి నేనైతే ఈ వారం మానుకుంటా.

పోస్ట్‌ఫిక్స్ గురించి ఎక్కువ లేదు. 2015లో 3.0 వచ్చినప్పటి నుంచి కంపాటిబిలిటీ లెవెల్ అని ఒక సెట్టింగ్ ఉంది, నీ మెయిన్ కాన్ఫిగ్ ఫైల్లో అది లేకపోతే పాత డిఫాల్ట్‌లతోనే (మనం ఏమీ రాయకపోతే తీసుకునే విలువలు) నడుపుతూ, ఆ పాత డిఫాల్ట్ నిజంగా పనికొచ్చిన ప్రతిసారీ లాగ్‌లో ఒక లైను రాస్తుంది. నేను ఆ లైన్లని ఏళ్ళ తరబడి పట్టించుకోలేదు, నువ్వూ అంతేనని నాకు తెలుసు. కొన్నాళ్ళు చూసి, వచ్చినవాటికి ఏం కావాలో ఫైల్లో స్పష్టంగా రాసేసి, అప్పుడు లెవెల్ పెంచు.

ఒక్క చోట మాత్రం జాగ్రత్త. 2023 డిసెంబర్లో ఎస్‌ఎమ్‌టీపీ స్మగ్లింగ్ గొడవ బయటపడింది చూడు, మెయిల్ ముగింపు గుర్తుని ఒక సర్వర్ ఒకలా, ఇంకో సర్వర్ ఇంకోలా అర్థం చేసుకోవడం వల్ల ఒక మెయిల్ కడుపులో ఇంకో మెయిల్ దాచి పంపడం. దానికి మందుగా 3.9 నుంచి పోస్ట్‌ఫిక్స్ డిఫాల్ట్‌గానే ఉత్త లైన్‌ఫీడ్‌తో వచ్చే ముగింపుని ముగింపుగా ఒప్పుకోదు (లైను చివర క్యారేజ్ రిటర్న్, లైన్‌ఫీడ్ అనే రెండు గుర్తులూ ఉండాలి). మంచిదే. కానీ ఎప్పుడో నేను రాసిన ఒక అలర్ట్ స్క్రిప్ట్ క్యారేజ్ రిటర్న్ లేకుండా పంపేది, మెయిల్ అయిపోయిందని అది అనుకుంటుంది, ఇంకా ఏదో వస్తుందని సర్వర్ చూస్తుంది, ఇద్దరూ 300 సెకన్లు మొహమొహాలు చూసుకుని కనెక్షన్ తెగ్గొట్టుకునేవారు. మై నెట్‌వర్క్స్‌లో (మనం నమ్మే మెషిన్ల జాబితాలో) ఉన్న అడ్రస్‌లకి మినహాయింపు ఉంటుంది, ఆ స్క్రిప్ట్ నడిచే మెషిన్ అందులో లేదు. అలర్ట్‌లు రాకపోతే అంతా బాగుందనుకున్నా, నాలుగు రోజులు! చివరికి స్క్రిప్ట్‌నే సరిచేశాను.

3.10లో టీఎల్‌ఎస్ రిపోర్టింగ్ వచ్చింది, అవతలి డొమైన్లు అడిగితే ఎన్‌క్రిప్షన్ ఎక్కడ ఫెయిలైందో రోజువారీ రిపోర్ట్ పంపొచ్చు. నేనింకా ముట్టుకోలేదు.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది: డవ్‌కాట్ సెట్టింగులు చూపించే డవ్‌కాన్ఫ్ కమాండ్‌ని మైనస్ ఎన్ పెట్టి నడిపి, వచ్చింది ఒక ఫైల్లో దాచు, అప్‌గ్రేడ్ అయ్యాక పాత ఫైలు చదివించడం కుదరదు. పాస్‌వర్డ్‌లు తీసేసి నాకూ ఒక కాపీ పంపు (పోయినసారిలా డేటాబేస్ పాస్‌వర్డ్‌తో సహా పంపావంటే ఊరుకోను). నా దగ్గర డెబియన్ 13 టెస్ట్ వీఎమ్ (వర్చువల్ మెషిన్) ఉంది, కొత్త పద్ధతిలోకి మార్చి అందులో పెట్టి చూస్తా. శనివారం రాత్రి కాల్‌లో కూర్చుందాం. అప్పటిదాకా సర్వర్ జోలికి వెళ్ళకు.

ఉంటా మరి.