శాలువా కప్పేముందు

ఒరే చిన్నా,

మొన్న రాత్రి ఫోన్లో హడావుడిగా చెప్పి పెట్టేశావు. మీ ఫ్రాటర్నిటీలో, అదే మీ కాలేజీ కుర్రాళ్ల సంఘంలో, పూర్వ సభ్యుల సన్మానం పనులన్నీ ఈసారి నీ నెత్తిన పడ్డాయని, జాబితా పంపిస్తానని, చూసి ఏమన్నా ఉంటే చెప్పమని. జాబితా వచ్చింది. ఆరు పేర్లు. పేరు పక్కన హోదా, హోదా పక్కన కంపెనీ. ఇద్దరికి ఎదురుగా ఎంత చందా ఇచ్చారో కూడా రాసుకున్నావు. ఫోన్లో మాట్లాడితే నువ్వు "సరే నాన్నా" అనేసి ఇంకో పనిలో పడతావు. అందుకని కాగితం తీసుకుని కూర్చున్నాను. మామ్మ పట్టుబట్టి నీకు తెలుగు చదవడం నేర్పింది కదా, నిదానంగా చదువుకో.

నువ్వు ఫ్రాటర్నిటీలో చేరతానన్నప్పుడు నేను వద్దన్నాను, గుర్తుందా? ఆ మాట వింటే నాకు తాగుడూ, కొత్తగా చేరిన పిల్లల్ని ఏడిపించడమే గుర్తొచ్చేవి. మన పిల్లలు పెట్టుకున్నవి వేరే ఉన్నాయనీ, 1998లో టెక్సస్ ఆస్టిన్‌లో డెల్టా ఎప్సిలాన్ సై, మరుసటేడు లాస్ ఏంజెలెస్‌లో బీటా కై థీటా అలాగే పుట్టాయనీ నువ్వే నాకు చెప్పావు. నేను సగం మనసుతోనే ఒప్పుకున్నాను. నువ్వు చేరాక మాత్రం, పరీక్షలప్పుడు రాత్రి రెండింటికి కూడా నీకు ఎవరో ఒకరు తోడుండడం చూశాను. జ్వరమొస్తే మేము వచ్చేలోపు నిన్ను ఆసుపత్రికి తీసుకెళ్లింది కూడా వాళ్లే. ఆ రుణం నేను మర్చిపోను.

నీ జాబితా చదివిన మర్నాడు, ఆదివారం, అమ్మా నేనూ వాషింగ్టన్ వెళ్లాం. టైడల్ బేసిన్ ఒడ్డున మార్టిన్ లూథర్ కింగ్ స్మారకం ఉంది చూడు, అక్కడికి. నీకు ఎనిమిదేళ్లప్పుడు తీసుకెళ్లాను, నువ్వు బాతుల వెంట పరిగెత్తావు తప్ప తలెత్తి చూడలేదు. కొండని నిలువునా చీల్చి, మధ్య ముక్కని ముందుకు తోసినట్టు ఉంటుంది. ఆ ముందుకొచ్చిన రాతిలోంచే ఆయన చేతులు కట్టుకుని నిలబడతాడు, 30 అడుగుల ఎత్తున.

ఆ స్మారకం ప్రభుత్వం కట్టించిందనే ఇన్నాళ్లూ అనుకున్నాను. మూలం ఒక ఫ్రాటర్నిటీ. ఆల్ఫా ఫై ఆల్ఫా. కింగ్ బోస్టన్‌లో డాక్టరేట్ చదువుకుంటూ 1952లో అందులో చేరాడు. ఆయన పోయిన పదహారేళ్లకి, 1984లో, మనకి పక్కనే ఉన్న సిల్వర్ స్ప్రింగ్‌లో జార్జ్ సీలీ అనే సభ్యుడూ, ఆయన తోటివాళ్లు కొందరూ, మనవాడికి దేశ రాజధానిలో ఒక గుర్తు ఉండాలి అనుకున్నారు. కాంగ్రెస్ అనుమతి 1996లో వచ్చింది. 2006లో శంకుస్థాపన. దాదాపు 12 కోట్ల డాలర్లు పోగుచెయ్యాల్సి వచ్చింది. 2011 అక్టోబరు 16న ఒబామా ఆవిష్కరించాడు. లెక్కేస్తే 27 ఏళ్లు. మొదలుపెట్టినప్పుడు నడివయసులో ఉన్నవాళ్లు అది పూర్తయ్యేసరికి ముసలివాళ్లయిపోయి ఉంటారు. తోటి సభ్యుణ్ణి గౌరవించుకోవడం అంటే అంత పని.

అంత పనిలోనూ ఒక పొరపాటు దొర్లింది, నీకు చెప్పాలనుకున్నది అదే. విగ్రహం పక్క వైపుకి వెళ్లి చూడు. రాతి మీద అడ్డంగా గీతలు గీతలుగా చెక్కి ఉంటాయి. నేను చెయ్యి పెట్టి తడిమి చూశాను, గరుకుగా, దువ్వెన పళ్లలా తగులుతాయి. ఆ చోట ఒకప్పుడు అక్షరాలుండేవి. న్యాయానికీ శాంతికీ ధర్మానికీ ముందు నడిచినవాణ్ణి నేను, అని కింగ్ అన్నట్టుగా చెక్కారు. ఆయన అన్నది అలా కాదు. 1968 ఫిబ్రవరి 4న అట్లాంటాలో తన చర్చిలో ప్రసంగిస్తూ, తన చావు గురించి మాట్లాడాడు. బ్యాండుమేళానికి ముందు కర్ర తిప్పుకుంటూ నడిచేవాడు ఉంటాడు చూడు, అందరికీ ఆ ముందు చోటే కావాలని ఉంటుంది అంటూ మొదలెట్టాడు. చివరికి, నేను పోయిన రోజున ఎక్కువసేపు మాట్లాడకండి, నోబెల్ ఊసెత్తొద్దు, మిగతా మూడు నాలుగొందల అవార్డుల మాట అసలే వద్దు, నేనెక్కడ చదివానో కూడా చెప్పొద్దు అన్నాడు. ఆకలిగా ఉన్నవాళ్లకి అన్నం పెట్టాలని, బట్టలేనివాళ్లకి బట్ట ఇవ్వాలని, జైల్లో ఉన్నవాళ్లని పలకరించాలని ప్రయత్నించాడని చెబితే చాలన్నాడు. నన్ను ముందు నడిచినవాడు అని అనాలని మీకు ఉంటే, న్యాయం కోసం నడిచాడని చెప్పండి, అన్నాడు. సరిగ్గా రెండు నెలలకి, ఏప్రిల్ 4న, కాల్చి చంపారు. అంత్యక్రియల్లో ఆ ప్రసంగం టేపునే వినిపించారు.

చోటు చాలదని రాతి మీద ఆ మాటని కుదించినప్పుడు "అనాలని మీకు ఉంటే" ఎగిరిపోయింది. అది పోయేసరికి, నన్ను పొగడొద్దని బతిమాలినవాడు తన గొప్ప తనే చెప్పుకున్నట్టయింది. కవయిత్రి మాయా ఏంజెలో లాంటివాళ్లు తప్పుపట్టారు. 2013లో ఆ అక్షరాలు తీసేసి, చెరిపిన జాడ తెలియకుండా ఈ గీతలు చెక్కారు. అంత పెద్ద గ్రానైటు రాయి, అంత డబ్బు, అన్నేళ్లు. తేడా వచ్చింది చిన్న మాటలో. నువ్వు జ్ఞాపికల మీద చెక్కించబోయే మాటలు నాకు పంపావు చూడు, "విజనరీ లీడర్" అని ఆరుగురికీ ఒకటే. ఆ మాట ఏ ఒక్కరి గురించీ ఏమీ చెప్పదు. తీసెయ్యి.

ఇప్పుడు నా సంగతి ఒకటి చెబుతాను. అమ్మకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

నేను ఇంజనీరింగు మొదటి సంవత్సరం హాస్టల్లో ఉన్నప్పుడు నా రూమ్మేటు ఒక పల్లెటూరి కుర్రాడు. రేకుపెట్టె, ఒక ఆవకాయ జాడీ, అంతే వాడి సామాను. లెక్కల్లో నాకంటే చురుకు. చేరిన రెండో వారంలో వాళ్ల నాన్న దగ్గర్నించి ఇన్‌ల్యాండ్ లెటర్ వచ్చింది. ఆయన పెద్దగా చదువుకున్నవాడు కాదు, ఒత్తులూ దీర్ఘాలూ ఎక్కడివక్కడ ఉండవు. ఫైనలియర్ సీనియర్ ఒకడు ఆ ఉత్తరం లాక్కుని, రాత్రి మెస్సులో వాణ్ణి బల్ల మీద నిలబెట్టి, తప్పులతో సహా, రాసింది రాసినట్టు గట్టిగా చదవమన్నాడు. చదివాడు. "బియ్యం కొట్టించి పంపుతాను, ఒంటి పూట తినకు" అని ఉంది అందులో. మెస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను రా. సీనియర్ చూస్తున్నాడని నవ్వాను. ఇంకో వారానికి, తెల్లవారుజామున మొదటి బస్సుకి, వాడు పెట్టె సర్దుకుని వెళ్లిపోయాడు. జాడీ నా మంచం కింద ఉండిపోయింది. మళ్లీ రాలేదు. ఆ సీటు ఆ ఏడంతా ఖాళీ.

పాతికేళ్లకి మా కాలేజీలో పూర్వ విద్యార్థుల సభ పెట్టి, విశిష్ట పూర్వ విద్యార్థిగా ఆ సీనియర్‌నే సన్మానించారు. పెద్ద స్థాయికి వెళ్లాడు, ప్రయోగశాలకి డబ్బిచ్చాడు. నా తెలుగు బాగుంటుందని సన్మాన పత్రం నన్ను రాయమన్నారు. రాశాను. "జూనియర్లకు అన్నగా నిలిచిన ఆదర్శమూర్తి" అని నా చేత్తో రాశాను. వేదిక మీద అది చదువుతుంటే హాలంతా చప్పట్లు కొట్టింది. నాకు మాత్రం ఆ మంచం కింద జాడీయే కనబడింది. ఇప్పుడు మనకి ర్యాగింగు మీద చట్టం ఉంది, ఆంధ్రప్రదేశ్‌లో 1997లో చేశారు. ఇక్కడ కూడా 2024 డిసెంబరులో హేజింగ్ మీద, అంటే ఇక్కడి ర్యాగింగు మీద, దేశమంతటికీ చట్టం వచ్చింది, ఏ సంస్థలో ఏం జరిగిందో కాలేజీలు బయటపెట్టాలని. చట్టం జరిగినదాన్ని చెబుతుంది. వేదిక మీద ఎవరికి శాలువా కప్పాలో చెప్పదు. అది నీలాంటి కుర్రాడే తేల్చుకోవాలి.

ఆల్ఫా ఫై ఆల్ఫా ఎందుకు పుట్టిందో చదివినప్పుడు నాకు మా రూమ్మేటే గుర్తొచ్చాడు. కార్నెల్ యూనివర్సిటీలో ఒక ఏడు ఆరుగురు నల్లజాతి విద్యార్థులు సెలవులకి ఇంటికి వెళ్లి తిరిగి రాలేదు. అప్పుడు మిగిలినవాళ్లు, ఇంకొకడు వెళ్లిపోకూడదని, కలిసి చదువుకోవడం మొదలుపెట్టారు. అదే 1906 డిసెంబరు 4న ఫ్రాటర్నిటీ అయింది. స్థాపించిన ఏడుగురినీ వాళ్లు ఇప్పటికీ రత్నాలు అని పిలుచుకుంటారు. వెళ్లిపోయేవాణ్ణి ఆపడానికి పుట్టిన సంఘం అది. మా హాస్టల్లో అలాంటి ఏడుగురు లేరు. ఒక్కడు ఉన్నా చాలేది, ఆ ఒక్కణ్ణి నేనై ఉండాల్సింది.

వాళ్లు చేసిన పనులు చూడు. 1935లో మన మేరీల్యాండ్ యూనివర్సిటీ లా స్కూలు నల్లవాడని ఒక విద్యార్థిని చేర్చుకోకపోతే, కేసుకి ముందడుగు వేసింది ఈ ఫ్రాటర్నిటీయే. కోర్టులో వాదించిన లాయర్లలో ఒకడు వీళ్ల సభ్యుడే, ఇరవయ్యారేళ్ల థర్గుడ్ మార్షల్. 1936లో అప్పీలు కోర్టులోనూ గెలిచారు. తరవాత మార్షల్ సుప్రీంకోర్టు జడ్జి అయ్యాడు, నువ్వు సెలవులకి దిగే బాల్టిమోర్ ఎయిర్‌పోర్టుకి ఆయన పేరే. ఏ లా స్కూలు తనలాంటివాళ్లకి తలుపు మూసిందో, ఆ స్కూలు లైబ్రరీ కూడా ఇప్పుడు ఆయన పేరు మీదే ఉంది.

కింగ్‌ని ఈ ఫ్రాటర్నిటీ ఎప్పుడు సన్మానించిందో తెలుసా? 1956లో, బఫెలోలో జరిగిన స్వర్ణోత్సవ మహాసభలో. ఆయనకి అప్పటికి 27 ఏళ్లు. బస్సుల్లో నల్లవాళ్లని వేరుగా కూర్చోబెట్టే పద్ధతి మీద మాంట్‌గొమరీలో ఆయన ముందుండి నడిపిన బస్సుల బహిష్కరణ ఇంకా నడుస్తోంది, గెలుస్తారో ఓడతారో తెలియదు. అప్పటికే ఇంటి మీద బాంబు పడింది. అప్పుడు పిలిచి వేదిక ఎక్కించారు. నోబెల్ వచ్చేది 1964లో కదా, ఆ తరవాత ఎవరైనా పిలుస్తారు. నీ ఆరుగురిలో అందరూ గెలిచేసినవాళ్లే ఉన్నారు. ఇంకా కష్టపడుతున్నవాడు, నలుగురికి తెలియనివాడు ఒక్కడు ఉండాలి చూడు.

ఇంకో పద్ధతి కూడా నాకు నచ్చింది. ఫై డెల్టా థీటా అనే ఫ్రాటర్నిటీకి లూ గెరిగ్ అని బేస్‌బాల్ ఆటగాడు సభ్యుడు. వరసగా 2,130 మ్యాచులు ఆడి, నరాలు చచ్చుబడే జబ్బుతో 37 ఏళ్లకే పోయాడు. ఆయన పేరు మీద 1955 నుంచి ఏటా ఒక ఆటగాడికి అవార్డు ఇస్తున్నారు. ఆటతో పాటు మనిషి నడవడిక ఎలాంటిదో చూస్తారు, తమ సభ్యుడై ఉండాలన్న నియమం కూడా లేదు. మీకు అంత స్థోమత లేదనుకో, అయినా ఆ ఆలోచన పట్టుకో.

జాబితా విషయంలో నేను అడిగేది ఒక్కటే. ఆ ఆరుగురిలో ఒక్కొక్కరి కింద ప్లెడ్జ్‌లుగా, అంటే కొత్త సభ్యులుగా, చేరిన కుర్రాళ్లు ఎవరో మీ పాత రికార్డుల్లో ఉంటారు. ఒక్కో పేరుకి ఇద్దరికి ఫోన్ చెయ్యి. "ఆయన మీతో ఎలా ఉండేవాడు?" అని అడుగు. చెప్పేముందు వాళ్లు ఎంతసేపు ఆగుతారో అది కూడా విను. మా కాలేజీవాళ్లు ఆ ఒక్క ప్రశ్న నన్ను అడిగి ఉంటే నేను ఆ పత్రం రాసేవాణ్ణి కాదు. చందా ఇచ్చినవాళ్ల మీద నాకు కోపం లేదు, వాళ్లకి కృతజ్ఞత చెప్పండి, భోజనానికి పిలవండి. శాలువా మాత్రం కుర్రాళ్లు చెప్పినదాన్ని బట్టి ఉండాలి. వచ్చే ఏడు చేరే పిల్లలు ఆ వేదిక వైపే చూస్తూ కూర్చుంటారు.

నీకు జ్వరమొచ్చినప్పుడు కార్లో ఎక్కించుకుని తీసుకెళ్లిన ఆ సీనియర్ ఉన్నాడే, ఇప్పుడు బడిలో సైన్సు చెబుతున్నాడన్నావు. ఆ పేరు జాబితాలో కనబడలేదు. ఆయన గురించి పత్రం తెలుగులో కావాలంటే నేను రాసిస్తాను, ఆ రాత్రి ఏం జరిగిందో అంతవరకే రాస్తాను.

డిసెంబరులో నేను ఊరెళ్తున్నాను, టికెట్లు తీసుకున్నాను. మా రూమ్మేటు ఊరూ ఇంటిపేరూ నాకు గుర్తున్నాయి. వెతికి పట్టుకుంటాను. ఏం మాట్లాడాలో ఇంకా తేల్చుకోలేదు.

అమ్మ నీ బ్లేజరు ఇస్త్రీ చేయించి పెట్టింది. సభకి శుక్రవారం సాయంత్రం వస్తాం, అప్పుడు తెస్తాం. కారప్పూస కూడా చేస్తోంది, మీ ఫ్రాటర్నిటీ ఇంట్లోవాళ్లందరికీ సరిపడా. జాబితా మార్చి రాశాక నాకొకసారి పంపు.

ఆశీస్సులతో,
నాన్న